గాలిబుడగ కరిగేదాకా

తెల్ల శాటిన్ మీద నల్ల దారప్పోగు ఒకటి కనిపించింది. గోటితో తీయబోయాను. రాలేదు. బట్ట దులిపాను. పోగు పక్కకు జరిగిందే తప్ప పోలేదు. వేరే బట్ట పరిచాను. దాని మీద కూడా అదే పోగు, అదే వంకర.

పండగ ఆటల్లో వేసుకునే అంగీల మీద నేను జరీ పని చేస్తాను. కొండ మీది మా ఇలావేలో ఈ పని చేతితో చేసేవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనే. మిగతావాళ్ళు మిషన్లు పెట్టుకున్నారు. చిన్నప్పటి నుంచీ నాది దగ్గరి చూపు. సోడాబుడ్డి అద్దాలు. దూరం నుంచి వచ్చేది మనిషో గాడిదో నాకు తెలియదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం దారంలో పురి కూడా కనిపిస్తుంది. ఈ పనికి కావలసింది అదే. నా భార్య నికొలాస దూరం చూసేది, నేను దగ్గర చూసేవాణ్ణి. సంసారం అలా నడిచింది. ఆమె పోయాక దూరం చూసేవాళ్ళు లేరు.

పోగు తరవాత మెరుపులు వచ్చాయి. తల తిప్పినప్పుడల్లా ఎడమ కంటి చివర తళుక్కుమనేది. చమ్కీల మీద వెలుతురు పడి కొడుతోందనుకున్నాను. నా పనిలో ఉన్నవాడెవడైనా అలాగే అనుకుంటాడు. చమ్కీల డబ్బాకు మూత పెట్టాను. మెరుపు ఆగలేదు. కిటికీ మూశాను. చీకటిలో ఇంకా బాగా మెరిసింది.

నికొలాస బాబాయి ఇలారియో వచ్చినప్పుడు చెప్పాను. ఆయన కోకా ఆకు నములుతూ నవ్వాడు.

"ఇంకేం అల్లుడూ, పిడుగు నిన్ను పిలుస్తోంది. పిడుగు పిలిచినవాడేగా మన దగ్గర వైద్యుడయ్యేది. రేపటి నుంచి ఊళ్ళో వైద్యం మొదలుపెట్టు. నా మోకాలుతో బోణీ చెయ్యి."

"నీ మోకాలుకు వైద్యం కాదు మామా, గొడ్డలి కావాలి."

అంతటితో ఆ మాట వదిలేశాం. కార్నివాల్ పండగకు అంగీలు ఇవ్వాలి. కొండ దిగి తక్నాలో స్థిరపడిన మా ఊరివాళ్ళకు అక్కడ ఒక ఆటబృందం ఉంది. వాళ్ళ పని సగంలో ఉంది. పోగు ఒకటి కాస్తా మసి చల్లినట్టయింది. దాన్ని తప్పించుకుంటూ కుట్టాను. పని పూర్తి చేశాను.

నేనప్పుడు నలుపులో ఉన్నాను. మా ఊళ్ళో భార్య పోయినవాడు ఏడాది నలుపు వేసుకుంటాడు. ఏడాది నిండిన రోజున పూజ చేయించి నలుపు తీసేయాలి. ఎవరికి వారు తీసుకోకూడదు. పోయిన మనిషి రక్తసంబంధం ఉన్నవాళ్ళు తీయాలి. తీసి, దుఃఖం వెనక్కి రాకుండా బెల్టుతో మెల్లగా వీపు మీద కొట్టి, రంగు బట్ట తొడుగుతారు. ఆ రోజు తప్పితే ఇంకో ఏడాది నలుపే.

నికొలాసకు సొంత తమ్ముడున్నాడు, సతుర్నినో. తక్నాలోనే ఉంటాడు. అక్క మట్టికి రాలేదు. సమ్మె, రోడ్డు బంద్ అని కబురు పెట్టాడు. వాడి చేత నలుపు తీయించుకోనని నేను అందరికీ చెప్పేశాను. ఇలారియో మామ తీస్తాడు. ఇలావేలో, నికొలాస సమాధి దగ్గర. అలా అనుకున్నాం.

అంగీల మూటలతో తక్నా బస్సెక్కాను. దిగేసరికి ఎడమ కన్నులో పై నుంచి ముక్కు వైపుగా నల్లటి తెర దిగుతోంది. బృందం పెద్ద ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే కుడి కన్ను మూసుకుని చూశాను. ఆయన నోరు కనిపించింది గాని టోపీ కనిపించలేదు. కుడి కన్ను మూసుకుని చూశాను. సగం ప్రపంచం లేదు. అంగీలు ఇవ్వగానే ఆయనే నన్ను ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టర్ పెరాల్తా సముద్రం వైపు పిల్ల. వయసు తక్కువ, ఓపిక ఎక్కువ. కంట్లో చుక్కలు వేసి, తలకు దీపం కట్టుకుని చాలాసేపు చూసింది.

"మీరేం పని చేస్తారు పెద్దాయనా?"

"కుట్టుపని."

"అయితే చెప్పడం సులువే. కోటుకు లోపల లైనింగు ఉంటుంది కదా, కంటికీ అంతే. దాన్ని రెటీనా అంటాం. చూపంతా ఆ పొరలోనే. కంటి మధ్యలో గుజ్జు ఉంటుంది. వయసు వచ్చేకొద్దీ అది కుంచించుకుపోయి పొరను వదిలేస్తుంది. కొందరికి ఒకచోట అతుక్కుని ఉండి, వదిలేటప్పుడు పొరను లాగి చింపుతుంది. మీలా దగ్గరి చూపువాళ్ళకు పొర ముందే పల్చగా ఉంటుంది, తొందరగా చిరుగుతుంది."

"దారప్పోగులు కనిపించాయి."

"అవే. మెరుపులు?"

"చమ్కీలనుకున్నాను."

ఆమె నవ్వలేదు. "గుజ్జు లాగినప్పుడల్లా పొర మెరుపులా చూపిస్తుంది. దానికి నొప్పి తెలియదు, మెరుపే తెలుసు. ఆ రోజే వచ్చుంటే చిరుగు చుట్టూ లేజర్‌తో కాల్చి అతికించి ఇంటికి పంపేదాన్ని. కుర్చీలో కూర్చుని ఉండగానే అయిపోయేది. ఇప్పుడు చిరుగులోంచి నీరు దూరి లైనింగు ఊడిపోయింది. మీరు చూస్తున్న తెర అదే. చూపు నడిమి దాకా ఇంకా రాలేదు. ఇవాళే ఆపరేషన్ చేద్దాం."

"చెయ్యకపోతే?"

"ఆ కన్ను పోతుంది. కుడి కంట్లో కూడా చిన్న చిరుగుంది. దాన్ని ముందు లేజర్‌తో కుట్టేస్తాను."

ఈ పిల్లకు కుట్టుపని రాదు. లైనింగు చిరిగితే చుట్టూ కాల్చరు. కాని చెప్పింది అర్థమైంది. కుడి కంట్లో లేజర్ పెట్టినప్పుడు పచ్చటి వెలుగు సూదిలా వరసగా దిగింది. గట్టిగా ఉన్నచోట వేసి, చిరుగు చుట్టూ తిరిగి, మొదలుపెట్టినచోటే కలిపింది. ఆ పని పద్ధతిగా ఉంది. ఒప్పుకోవాలి.

ఎడమ కన్ను వేరే కథ. లోపలి గుజ్జు తీసి, పొరను పరిచి, చిరుగు చుట్టూ కాల్చి, కన్ను నిండా ఏదో గాలి నింపారు. ఆ బుడగ పైకి తేలుతుంది. తల వంచి ఉంచితే కంటి వెనక గోడను ఒత్తుతుంది. అంటించిన బట్ట మీద ఇస్త్రీపెట్టె పెట్టి వదిలేసినట్టు. అందుకని మొదటి వారం మొహం నేలకు వంచి ఉండాలి. తినేటప్పుడూ, పడుకునేటప్పుడూ.

"మీ ఊరు ఇలావే కదా?" డాక్టరమ్మ అడిగింది. "గాలి కరిగేదాకా అక్కడికి వెళ్ళకూడదు. బస్సులో కూడా వద్దు. ఎత్తుకు పోతే గాలి పెరుగుతుంది. కన్ను నొక్కుకుపోతుంది."

"ఎన్నాళ్ళు?"

"నెల దాటొచ్చు. నేను చూసి చెబుతాను."

నికొలాస ఏడాది ఆ నెలలోనే ఉంది. సముద్రం వైపువాళ్ళకు ఎత్తంటే భయం. మా ఊరికి వచ్చి రెండు మెట్లెక్కి తల పట్టుకుంటారు, వాంతులు చేసుకుంటారు, కొండ మనిషిని చంపుతుందని కిందికి పోయి చెబుతారు. నేను పుట్టిందే అక్కడ. నాకు ఎత్తు ఏం చేస్తుంది? ఈ పిల్ల తన భయం నాకు చెబుతోందనుకున్నాను.

ఎవరో సతుర్నినోకు కబురు చేశారు. బృందం పెద్దే అయి ఉంటాడు. వాడు వచ్చాడు. నేను తల వంచుకుని ఉన్నాను కాబట్టి వాడి మొహం కనిపించలేదు. కాళ్ళు కనిపించాయి. వాడు ఆలివ్ కాయలు ఊరబెట్టేచోట పని చేస్తాడు. గోళ్ళ చుట్టూ ఊదారంగు మరక, ఎంత కడిగినా పోనిది.

"బావా. ఎలా ఉన్నావు?"

"నీ చెప్పు తెగేలా ఉంది. కుట్టించుకో."

"ఇంటికి పద బావా."

తక్నాలో ఇంకెవరూ లేరు. పోయాను.

వాడి భార్య దొమితీల నోరు మంచిది కాదు. గుమ్మంలోనే అందుకుంది.

"రా అన్నయ్యా రా. మా ఇంటి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నావుగా. దేవుడు నీ ఒట్టు నిలబెట్టాడు. నేల చూస్తూ లోపలికి రా."

"నేల కూడా ఊడవలేదు దొమితీలా."

"ఊడిస్తే నీకు చూడ్డానికి ఏం మిగులుతుంది?"

సతుర్నినో నా కోసం ఒక బల్ల చేశాడు. పాత తలుపు చెక్కకు మొహం పట్టేంత రంధ్రం కోసి, అంచుకు గోనెగుడ్డ చుట్టి, మేకులు కనపడకుండా కొట్టాడు. దాని మీద బోర్లా పడుకుంటే మొహం రంధ్రంలో ఉంటుంది, కింద నేల కనిపిస్తుంది. గోనెలో ఉప్పునీటి వాసన. పని శుభ్రంగా ఉంది. ఆ మాట నేను వాడితో అనలేదు.

రోజులు కాళ్ళ మీద గడిచాయి. దొమితీల కాళ్ళు తొందరగా వచ్చి సూప్ గిన్నె నేల మీద పెట్టి, స్ట్రా నా నోటికి అందించి పోయేవి. సతుర్నినో కాళ్ళు మెల్లగా వచ్చి, బల్ల పక్కనే నిలబడేవి. మొహం చూడకుండా మనిషితో ఉండటం నాకు కొత్త. మొహం చూస్తే కోపం వెంటనే దొరుకుతుంది. కాళ్ళ మీద కోపం అంత తొందరగా రాదు. దానికి ప్రయత్నం చెయ్యాల్సి వచ్చింది.

వారం తరవాత డాక్టరమ్మ కట్టు మార్చి, పొర అతుక్కుంటోంది, ఇంకొన్నాళ్ళు వంగే ఉండండి అంది. ఎడమ కన్నుతో చూస్తే నీళ్ళలోంచి చూసినట్టుంది. బుడగ అంచు ఒక గీతలా ఊగుతోంది. ఏడాది పూజకు ఇంక కొద్ది రోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రం సతుర్నినో వచ్చి నేల మీద కూర్చున్నాడు. కాళ్ళతో పాటు చేతులు కూడా కనిపించాయి.

"ఆ రోజు రోడ్డు బంద్ అన్నావు," అన్నాను.

"బందే బావా."

"నికొలాస మట్టికి తక్నా నుంచి మేస్త్రీ ఒకడు వచ్చాడు. ఆమెకు ఏమీ కాడు. బంద్ దగ్గర బస్సు దిగి, రాళ్ళు దాటుకుని, నడిచి వచ్చాడు."

వాడు గోటి దగ్గర మరక గీకుతూ ఉన్నాడు.

"బంద్ ఉందో లేదో నాకు తెలీదు బావా. నేను బస్టాండు దాకా కూడా పోలా. అక్కని పెట్టెలో చూడలేననిపించింది. గోడకి తిరిగి పడుకున్నా. దొమితీల లేపింది, లేవలా. మర్నాడు రేడియోలో సమ్మె అని విన్నా. అదే చెప్పా."

నాకు అబద్ధమే నయమనిపించింది. అబద్ధాన్ని పట్టుకుని ఏడాది లాగాను. అది చేతికి గట్టిగా దొరికేది. ఇది దొరకదు.

"బంద్ అనే చెప్పాల్సింది," అన్నాను.

"అలాగే అనుకో బావా."

"మరి నేను? నేను ఆమెను ఆ పెట్టెలో పెట్టాను. గోడకి తిరిగి పడుకోవడం నాకూ వచ్చు."

వాడు లేచి పోయాడు. ఇంక ఆ ఇంట్లో ఉండదలచుకోలేదు. వాడి చేతులు నా వీపు మీద పడకూడదు. అది ఒక్కటే అనుకున్నాను.

మర్నాడు వాళ్ళిద్దరూ పనికి పోగానే బయల్దేరాను. నల్లకోటు, నల్లటోపీ వేసుకుని, నేల చూస్తూ, అడిగి అడిగి బస్టాండు చేరాను. తరాతా మీదుగా ఇలావే పోయే బస్సు. కిటికీ పక్కన కూర్చుని ముందు సీటుకు నుదురు ఆనించాను. ఒక వ్యాపారపు మనిషి వచ్చి పక్కన కూర్చుంది. సంతల్లో అమ్మడానికి చిప్స్ పాకెట్ల మూటలు. ఒళ్ళో కొన్ని, కాళ్ళ దగ్గర కొన్ని, నా కాళ్ళ మీద కూడా కొన్ని.

"ఏంది తాతా, ఏమైనా పారేసుకున్నావా? కిందే చూస్తున్నావు."

"కంటి ఆపరేషన్ అయింది."

"అయ్యో. మరి ఇంటి దగ్గర పడుకోకుండా?"

"ఇంటికే పోతున్నాను."

"నలుపు ఎవరికి?"

"భార్యకు. ఏడాది వస్తోంది."

"అయితే పోవాల్సిందే," అంది. ఇంకేమీ అడగలేదు. తెలివైన మనిషి.

బస్సు ఇసుకనేల దాటింది. మలుపులు మొదలయ్యాయి. చెవులు మూసుకుని తెరుచుకున్నాయి. కోకా ఆకు నోట్లో పెట్టుకున్నాను. ఊపిరి తేలికైంది, ఇంటి గాలి. ఎడమ కంటి వెనక ఏదో బిగిసినట్టుంది. బస్సు కుదుపనుకున్నాను.

పక్కన టిక్కుమని చిన్న చప్పుడు, తరవాత గాలి పోతున్న బుస్సు. మళ్ళీ టిక్కు. ఆమె జాకెట్టుకు ఉన్న పిన్నీసు తీసి పాకెట్లను ఒక్కొక్కటే పొడుస్తోంది.

"మెత్తబడిపోవూ?" అన్నాను.

"మెత్తబడ్డా అమ్ముడుపోతాయి తాతా. పేలితే ఎవరు కొంటారు? తక్నాలో అణిగి ఉంటాయా, ఇక్కడికొచ్చేసరికి చూడు, గర్భిణీల్లా ఎట్లా ఉబ్బాయో. తరాతా దాటితే టపాసులే. మొదట్లో తెలీక సగం సరుకు పేల్చుకున్నా. మా ఆయన బందిపోట్లు కాలుస్తున్నారని సీటు కింద దూరాడు."

పాకెట్లు ఉబ్బుతాయని నాకు తెలియక కాదు. ఈ దారిలో తిరిగే వాళ్ళందరికీ తెలుసు. నా కాళ్ళ మీద ఉన్న పాకెట్ మీద చెయ్యి వేశాను. బిర్రుగా ఉంది, డోలు చర్మంలా. లోపలికి ఎవరూ గాలి ఎక్కించలేదు. తక్నాలో ఉన్న గాలే. అప్పుడు డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. ఎత్తుకు పోతే గాలి పెరుగుతుంది అంది. నేను పెరుగుతానని అనలేదు, తల తిరుగుతుందని అనలేదు. గాలి అంది.

బిగువు నొప్పయింది. నొప్పి నుదుటికి, పంటికి, చెవి వెనక్కి పాకింది. కోకా ఉమ్మేశాను. కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో చూశాను. గీత లేదు, నీళ్ళు లేవు. చీకటి. కిటికీ వైపు తిప్పాను. కొండ ఎండ మొహం మీద వేడిగా తగులుతోంది, కన్నుకు మాత్రం ఏమీ తెలియడం లేదు.

"ఆపండి," అని అరిచాను. "బస్సు ఆపండి."

"తరాతాలో ఆపుతా పెద్దాయనా, కాసేపు బిగబట్టుకో," డ్రైవరు అరిచాడు. బస్సులో నవ్వారు.

"కంట్లో గాలి పెట్టారు, నా కన్ను పేలుతోంది!"

"ఇక్కడ దిగితే నక్కలు తప్ప ఎవరూ లేరు."

పక్కనున్న మనిషి లేచింది. ఒళ్ళోని పాకెట్లన్నీ దారిలో పడ్డాయి.

"ఆపరా దున్నపోతా! కంట్లో గాలి పెట్టారంటున్నాడు. నా సరుకు చూస్తున్నావుగా, ఆయన కన్ను కూడా ఇట్లాగే అయితే నువ్వు పిన్నీసుతో పొడుస్తావా? ఆపు!"

ఆపాడు. దిగాను. ఆమె నా టోపీ కిటికీలోంచి విసిరింది. బస్సు పైకి పోయింది. నేను రోడ్డు పక్కన కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాను. ఇంత మంది పోయే దారిలో ఒక్క బండి కూడా కిందికి రావడం లేదు. చేతులు చూసుకున్నాను, కుడి కన్నుతో. ఈ కన్నులోనూ చిరుగు ఉంది, కుట్టినదే. ఒక కన్నుతో జరీ ఎక్కించవచ్చా? సూది ఎంత దూరంలో ఉందో తెలియాలంటే రెండు కావాలి. నా చేతులకు ఇంకే పనీ రాదు. నికొలాస సమాధి పైన ఉంది, నా కన్ను కిందికి పోవాలంటోంది. సతుర్నినో సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. కోపం ఎక్కడో బస్సులోనే ఉండిపోయినట్టుంది.

చివరికి ఓరెగానో ఆకు మూటలేసుకుని తరాతా నుంచి లారీ ఒకటి దిగింది. డ్రైవరు కారణం అడగలేదు. మూటల మధ్య బోర్లా పడుకోమన్నాడు. మలుపు తరవాత మలుపు. ఆకు వాసన గొంతులో పట్టింది. మాటిమాటికీ కుడి కన్ను మూసి చూస్తున్నాను. చీకటి. మళ్ళీ చీకటి. చాలా కిందికి దిగాక ఎర్రగా ఏదో కదిలింది. తరవాత బూడిదరంగు. ఆ తరవాత నలుపు. భయపడ్డాను. మళ్ళీ చూస్తే అది నా కోటు చెయ్యి. చీకటి నలుపు వేరు, బట్ట నలుపు వేరు. బట్ట నలుపులో నేత ఉంటుంది. నేత కనిపించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చుక్కలు వేసింది, మాత్రలు మింగించింది, కంటి బిగువు కొలిచింది, మళ్ళీ కొలిచింది. కోపం అంతా చేతుల్లో దాచుకుంది. కాసేపటికి అడిగింది.

"ఎంత ఎత్తుకు పోయారు?"

"చలి వేసేదాకా."

"ఎందుకు పెద్దాయనా? చెప్పానుగా."

"నేను అక్కడే పుట్టాను. నాకు ఎత్తు అలవాటే అనుకున్నాను."

"మీ ఊపిరితిత్తులు పుట్టాయి అక్కడ. మీ రక్తం పుట్టింది. నేను పెట్టిన గాలి తక్నాలో పుట్టింది. దానికి మీ ఊరు తెలీదు." కుర్చీ దగ్గరకు లాక్కుంది. "కన్ను బిగుసుకుంటే లోపలికి రక్తం రాదు. ఇంకొంచెంసేపు అక్కడే ఉంటే ఇంక వెలుగు తిరిగి వచ్చేది కాదు. కిందికి దిగారు కాబట్టి బతికింది. పొర ఊడలేదు. ఒక పక్క నీడ మాత్రం మిగలొచ్చు. అది పోతుందని నేను చెప్పను."

"జరీ పని?"

"గాలి కరిగాక చూద్దాం. నడిమి చూపు ఉంది."

బయట బెంచీ ముందు ఊదారంగు గోళ్ళు కనిపించాయి. ఎవరు చెప్పారో, ఎంతసేపటి నుంచి ఉన్నాడో. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. మెట్లు వచ్చాయి. మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి ఊరుకున్నాను, మెట్లున్నాయి కాబట్టి.

ఇలారియో మామకు ఫోన్ చేయించాను. సంగతి విన్నాడు.

"నువ్వు వస్తే రంగు చొక్కా తొడుగుదామని ఇక్కడ అందరం కూర్చున్నాం. కన్ను పోగొట్టుకుని వస్తే ఏ రంగు తొడిగితే ఏం లాభం అల్లుడూ? పూజ మేం చేయిస్తాం. నలుపు అక్కడే తీయించుకో. రక్తం అక్కడుందిగా."

"ఇంకో ఏడాది వేసుకుంటా."

"వేసుకో. నా మోకాలు బాగుంటే వచ్చే ఏడు నేనే తీస్తా. లేకపోతే ఆ పై ఏడు చూద్దాం. పని లేనివాడివి, నీకేం తొందర?" అని పెట్టేశాడు.

బల్ల రంధ్రంలో మొహం పెట్టుకుని ఆలోచించాను. ఇంకో ఏడాది నలుపు నాకు బరువు కాదు. కాని ఆ నలుపు నికొలాసకు వేసుకున్నది కాదు. ఆమెకు ఇవ్వాల్సిన ఏడాది ఇచ్చేశాను. ఇంక వేసుకుంటే అది సతుర్నినో మీద కోపానికి వేసుకున్నదవుతుంది. కోపానికి నలుపు అక్కర్లేదు. అది ఏ బట్టలోనైనా ఉంటుంది.

ఆ రోజు వచ్చింది. దొమితీల కొవ్వొత్తి, నికొలాస ఫొటో పెట్టానని చెప్పింది. నాకు కనిపించలేదు, ఫొటో గోడకు ఉంది. కొత్త చొక్కా తెచ్చానంది.

"ఏం రంగు?"

"నీకెందుకు అన్నయ్యా? నువ్వు చూసేది గచ్చేగా. చొక్కా వీధిలోవాళ్ళ కోసం."

"బొత్తాలు సరిగ్గా కుట్టారా?"

"లేదు. నీ కోసమే వదిలేశారు."

తల వంచుకుని నిలబడ్డాను. సతుర్నినో కాళ్ళు ఎదురుగా వచ్చి ఆగాయి. కడుక్కుని వచ్చాడు, మరక మాత్రం ఉంది. వాడి చేతులు నా గుండీల దగ్గరకు వచ్చాయి. పైగుండీ విప్పడానికే చాలాసేపు పట్టింది. కోటు భుజాల మీంచి లాగేటప్పుడు నా తల పైకి లేవకుండా ఒక అరచెయ్యి నా మెడ మీద ఆనించి ఉంచాడు. టోపీ తీశాడు. చలేసింది.

"ఇంక కొట్టు," అన్నాను.

బెల్టు చప్పుడైంది. ఆగింది.

"కొట్టరా. ఇదైనా సరిగ్గా చెయ్యి."

"కుదుపు తగలకూడదంది కదా బావా డాక్టరమ్మ. కంటికి ఏమైనా అయితే?"

"మెల్లగా కొట్టు."

"మెల్లగా కూడా కొట్టను."

వాడు బల్ల దగ్గరకు పోయాడు. నా కోటును దాని మీద పరిచాడు. బోర్లా, చేతులు చాపి, మనిషిలా. మొదటి దెబ్బ మెల్లగా పడింది. రెండోది అంత మెల్లగా పడలేదు. తరవాత దెబ్బ మీద దెబ్బ. కోటులోంచి ఏడాది దుమ్ము రేగి నా కాళ్ళ దాకా వచ్చింది. బెల్టు బిళ్ళ చెక్కకు తగిలి మోగుతోంది. వాడి మడమలు నేల నుంచి లేచి పడుతున్నాయి. వాడి ఊపిరి ఎగదన్నింది, తరవాత అది ఊపిరి కాదు ఏడుపని తెలిసింది. దొమితీల, "చాలయ్యా, చాలు, బట్ట చిరిగిపోతుంది," అంటోంది. వాడికి వినపడలేదు.

ఆచారానికి అన్ని దెబ్బలు అక్కర్లేదు. ఆ మాట చెప్పగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. వాడు నేను చెబితే ఆగుతాడు.

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆపమని అనలేదు.